మావాడు షుగర్ ఫారంలో అన్నిటికీ 10 వేసినాడు, హెచ్‌బీఏ1సీ మాత్రం 9.4. ఈ మార్కులకు అర్థం ఉండాదా?

బైరాగిపట్టెడ_అమ్మ
మావాడికి 14. టైప్ 1 షుగర్, ఒంట్లో ఇన్సులిన్ తయారుకాదు. రోజుకు నాలుగు సూదులు. పోయిన వారం చెకప్‌కు పోతే డాక్టర్ గదిలోకి పంపేముందు ఒక ఫారం చేతిలో పెట్టినారు. పది ప్రశ్నలు. ఎక్కువో తక్కువో తిన్నప్పుడు ఇన్సులిన్ సరిగ్గా మార్చుకోగలవా, ఎంత పనిలో ఉన్నా షుగర్ చూసుకోగలవా, విసుగు పుట్టినప్పుడు తట్టుకోగలవా, ఇట్లాంటివి. ఒక్కోదానికి నీ మీద నీకు ఎంత నమ్మకమో 1 నుంచి 10 లోపల సున్నా చుట్టాలి. మావాడు నా పక్కనే కూచుని గబగబా 10, 10, 9, 10 అని చుట్టేసి పెన్ను మూత పెట్టేసినాడు. కాసేపటికి రక్తపరీక్ష రిపోర్టు వచ్చింది. హెచ్‌బీఏ1సీ, అదే రెండు మూడు నెలల షుగర్ సగటు, 9.4.

రాత్రిపూట లేచి వాడి వేలు గుచ్చేది నేను. మధ్యాహ్నం అన్నానికి ముందు సూది వేసుకున్నాడో లేదో అని అల్లాడేది నేను. వాడికేమో పదికి పది! ఇంటికొచ్చి అడిగితే "నాకన్నీ తెలుసులేమ్మా" అని తలుపేసుకుంటాడు. ఏడుపొస్తాండాది. అసలీ ఫారాలు ఎందుకు? నమ్మకానికి మార్కులేసుకుంటే షుగర్ దిగుతుందా?

చిత్తూరు_చిన్నోడు
మీరు పక్కన కూచుని చూస్తాంటే నేనైనా 10 వేస్తా ఆంటీ.

మదనపల్లి_టమోటా
కాగితం దండగ. రక్తపరీక్ష ఉండగా నమ్మకాన్ని కొలిచేదేంది? 9.4 అంటే 9.4. రక్తం అబద్ధం చెప్పదు.

పలమనేరు_రైతు
మా కత దీనికి తిరగబడి ఉండాది. పాపకు 12. ఇట్లాంటి ఫారమే ఇస్తే అన్నిటికీ 2, 3, 4. రిపోర్టు చూస్తే 7.2. డాక్టరమ్మ మెచ్చుకుంది, పాప మాత్రం "నాకేమీ రాదు నాయనా" అని దారంతా ఒకటే మాట. మీవాడికి నమ్మకం ఎక్కువై షుగర్ ఎక్కువ, మాపాపకు నమ్మకం తక్కువై షుగర్ బాగుంది. అంటే ఏమనుకోవాలా?

నర్సక్క
నేను పిల్లల షుగర్ క్లినిక్‌లో ఎడ్యుకేటర్‌గా చేస్తా. టమోటా అన్నా, రక్తం అబద్ధం చెప్పదు, సరే. కారణం కూడా చెప్పదు కదా. హెచ్‌బీఏ1సీ అంటే గడిచిన రెండు మూడు నెలల సగటు. 9.4 అంటే షుగర్ సగటున 220 పైచిలుకు నడిచింది అని లెక్క. పొద్దున పెరిగిందా, బడిలో సూది మానేశాడా, రాత్రి దొంగతిండా, మోతాదే చాలడం లేదా, అందులో ఏదీ తెలీదు.

ఇంకోటి కూడా గుర్తుపెట్టుకోండి. 14 ఏళ్లంటే ఒళ్లు పెరిగే వయసు. ఆ వయసులో హార్మోన్ల వల్ల ఇన్సులిన్ సరిగా పనిచేయదు, నిరుడు సరిపోయిన మోతాదు ఈ ఏడాది చాలదు. అబ్బోడు ఒళ్లు దగ్గర పెట్టుకుని చేసినా 8 దాటిన పిల్లలను నేను చూసినాను. కాబట్టి 9.4 మొత్తం వాడి నెత్తిన వేయొద్దు అక్కా.

ఫారం సంగతికొస్తే, మొత్తం ఎంతొచ్చిందని నేను చూడను. ఏ ప్రశ్నకు తక్కువ వేసినారో అది చూస్తా. అన్నీ 10 ఉంటే ఆ ఫారం నాకు పనికిరాదు, మళ్లీ ఇస్తా. ఈసారి అమ్మానాయనలను బయట కూచోబెడతా.

బైరాగిపట్టెడ_అమ్మ
నన్నెవరూ బయట కూచోమనలేదే.

నర్సక్క
అనాలి. జనం రద్దీలో చాలాచోట్ల జరగదు. మీరే అడిగి బయటికి రండి.

ఎస్వీయూ_సైకాలజీ
ఎమ్మెస్సీ సైకాలజీ చేస్తున్నాను, కాస్త పొడుగ్గా రాస్తా.

ఈ ఫారాలన్నిటికీ మూలం సైకాలజిస్టు ఆల్బర్ట్ బండూరా 1977లో చెప్పిన మాట. ఒక పని చేయగలనని మనిషికి ఎంత నమ్మకముంటే, ఆ పనికి అంత పూనుకుంటాడు, తప్పినా అంత సేపు నిలబడతాడు అని. షుగర్ ఉన్న పిల్లల కోసం దీన్ని కొలవడం 1987 నుంచే ఉంది. అక్క చెప్పిన పది ప్రశ్నల తరహాది 2006లో వచ్చింది, 10 నుంచి 16 ఏళ్ల పిల్లల మీద పరీక్షించారు. నమ్మకం ఎక్కువున్న పిల్లలు మొత్తం మీద షుగర్ బాగా చూసుకుంటారని తేలింది. కానీ అది గుంపు లెక్క. ఒక్క పిల్లాడి మార్కు చూసి వాడి హెచ్‌బీఏ1సీ చెప్పేయడం కుదరదు, ఈ అబ్బాయి, పలమనేరు పాప అందుకు సాక్ష్యం.

బండూరా ఇలాంటి కొలతలు ఎలా తయారుచేయాలో కూడా రాశాడు. అందులో మూడు ఇక్కడ పనికొస్తాయి. "చేస్తావా" అని కాదు, "ఇప్పుడు చేయగలవా" అని అడగాలి. ఒకే పనిని సులువు నుంచి కష్టం దాకా మెట్లు కట్టి అడగాలి, లేకపోతే అందరూ పైమార్కే వేస్తారు, ఎవరు ఎక్కడ ఆగుతారో తెలీదు. మూడోది, చాటుగా నింపనివ్వాలి, పేరు కూడా లేకుండా. అమ్మ పక్కన కూర్చుని నింపిన ఫారం ఈ మూడో దగ్గరే పోయింది.

మదనపల్లి_టమోటా
అయితే ఫారం పనికిరాలేదనే కదా మీరు కూడా చెప్పేది.

ఎస్వీయూ_సైకాలజీ
ఇచ్చిన పద్ధతి పనికిరాలేదు అంటున్నా అన్నా. బీపీ చూసేముందు మెట్లెక్కించి తెస్తే మిషన్ తప్పు కాదు కదా.

కాలేజీ_టైప్1
నాకు 20. పదో ఏట వచ్చింది. తిరుపతిలోనే హాస్టల్లో ఉండి చదువుతున్నా.

14, 15 ఏళ్లప్పుడు నేనూ అన్నిటికీ 10 వేసేదాన్ని. ఎందుకో చెప్తా. 5 వేస్తే ఆ సాయంత్రం ఇంట్లో పంచాయితీ. అమ్మ, నాన్న, పెద్దమ్మ, పక్కింటి వాళ్లు కూడా వచ్చి చెప్తారు. 10 వేస్తే ఎవరూ ఏమీ అడగరు. అంతే.

నాకు నిజంగా చేతకానిది ఏందంటే, నలుగురి ముందర సూది వేసుకోవడం. ఇంట్లో కళ్లు మూసుకుని వేసుకునేదాన్ని. స్కూల్లో లంచ్ బెల్లు కొట్టినాక ఇన్సులిన్ పెన్ను బ్యాగులోనుంచి తీసి, చుట్టూ చూసి, మళ్లీ బ్యాగులో పెట్టేసేదాన్ని. బాత్రూముకు పోయి వేసుకుందామంటే అక్కడ వాసన, తడి, గొళ్లెం లేని తలుపు. చివరికి వేసుకోకుండా తినేసేదాన్ని, లేకపోతే అన్నం పారబోసేదాన్ని. ఫారంలో "ఇన్సులిన్ వేసుకోగలవా" అని ఉంటే 10 అబద్ధం కాదు, నిజంగానే వేసుకోగలను. "నీ బెంచీలో కూచున్న పిల్ల చూస్తుండగా వేసుకోగలవా" అని అడిగుంటే 1 వేసేదాన్ని. ఎవరూ అడగలేదు.

చిత్తూరు_చిన్నోడు
అక్కా, మా క్లాసులో ఒకడు ఇట్లనే బెంచీ కిందికి వంగి వేసుకుంటాడు. మేము ఇప్పుడు వాడి చుట్టూ నిలబడి మాట్లాడతాంటాం, బయటోళ్లకు కనపడకుండా. వాడి పేరు మీద మాకూ రెండు నిమిషాలు లేటుగా పోయే చాన్సు.

కాలేజీ_టైప్1
చిన్నోడా, నువ్వు బంగారం.

పుత్తూరు_మాస్టారు
ఉపాధ్యాయుడిని. 2023లో జాతీయ బాలల హక్కుల కమిషన్ రాష్ట్రాలకు లేఖ రాసింది, టైప్ 1 పిల్లలను తరగతిలో షుగర్ చూసుకోనివ్వాలి, ఇన్సులిన్ వేసుకోనివ్వాలి, మధ్యలో ఏదైనా తిననివ్వాలి, పరీక్షల్లో కూడా అని. నీట్, జేఈఈ పరీక్షలకు చక్కెర బిళ్లలు, పండు, పారదర్శకమైన నీళ్ల సీసా తీసుకుపోవచ్చు. ఈ సంగతి మా వాళ్లలోనే చాలామందికి తెలియదు. పిల్లవాడి నమ్మకం కొలిచే ముందు ఆ బడి వాడికి ఏ మాత్రం తావిచ్చిందో కూడా కొలవాలి. క్లాసులో తినడానికి లేచి అడగాల్సిన పిల్లవాడు, టీచరు అరుస్తాడని తెలిస్తే, నమ్మకం ఎక్కడినుంచి తెచ్చుకుంటాడు?

ఆరోగ్యమిత్ర_హెర్బల్
[ఈ పోస్టును నిర్వాహకులు తొలగించారు]

నిర్వాహకుడు
కషాయంతో ఇన్సులిన్ మానేయవచ్చని రాసే పోస్టులు ఇక్కడ ఉండవు. టైప్ 1లో ఒళ్లు ఇన్సులిన్ తయారుచేసుకోలేదు. సూది ఆపితే రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పెరిగి ప్రాణం మీదికొస్తుంది. ఈ విషయంలో వాదనకు తావు లేదు.

నర్సక్క
నిర్వాహకులకు దండం. ఆ మాట నమ్మి సూది ఆపిన పిల్లలు ఎమర్జెన్సీకి వస్తారు. రొప్పుతూ, నోరు ఎండిపోయి, వాంతులతో.

సరే, కాలేజీ పాప చెప్పినదాని మీద ఒక మాట. నమ్మకం వేరు, చేతి పని వేరు. రెండూ చూడాలి. ఒకసారి ఒకబ్బాయి అన్నిటికీ 9, 10 వేసి వచ్చినాడు, షుగర్ మాత్రం ఎప్పుడూ 300. "నాయనా, నా ముందర 10 యూనిట్లు లాగి చూపించు" అన్నాను. సీసా ఇంట్లోదే తెచ్చుకున్నాడు. చేతులు కడుక్కున్నాడు, మూత తుడిచినాడు, గాలి ఎక్కించినాడు, తలకిందులు చేసి గీత దాకా లాగి, బుడగ పోగొట్టి నాకు చూపించినాడు. ఒక్క తప్పు లేదు. సీసా మీద 40 అని ఉంది, అంటే ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లు. సిరంజి మూత ఆరెంజి రంగు, అంటే మిల్లీలీటరుకు 100 యూనిట్లుండే మందుకు గీతలు వేసినది. ఆ సిరంజిలో 10 గీత దాకా లాగితే లోపలికి పోయేది 4 యూనిట్లే! 40 సీసాకు ఎర్ర మూత సిరంజి వాడాలి. అంగట్లో ఎవరో ఇచ్చింది తెచ్చుకున్నాడు, పాపం. వాడి నమ్మకం ముచ్చటైనది, వాడి చేయి కూడా చక్కగా ఉంది, మందే లోపలికి పోవడం లేదు.

సీసా, సిరంజి వాడేవాళ్లంతా ఈ రాత్రికే ఒకసారి రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

పలమనేరు_రైతు
చూసినా. మాది ఎర్ర మూతే. గుండె దడ తగ్గింది.

మదనపల్లి_టమోటా
నర్సక్కా, మీరు చెప్పింది నా మాటకే బలం. చేసి చూపించమంటే సరిపాయె. ఫారం ఎందుకు?

నర్సక్క
చేసి చూపించేది క్లినిక్‌లో, నా ముందర, ఏసీ గదిలో. పెళ్లి భోజనంలో ఆకు ముందర కూచున్నప్పుడు, జాతరలో వేపాకు మండల మధ్య చేతికి అంబలి చెంబు ఇచ్చినప్పుడు నేనుండనే! అక్కడ ఏం చేయగలడో వాడినే అడగాలి. వేరే దారి లేదు.

ఎస్వీయూ_సైకాలజీ
అందుకే ప్రశ్నలు మన ఊరివి ఉండాలి అంటాను. "హోటల్‌కు పోయినప్పుడు మంచి తిండి ఎంచుకోగలవా" అంటే మన పిల్లలకు ఏం అర్థమవుతుంది? ఇంట్లో అమ్మ కొలిచి పెట్టిన సంగటి ముద్దకు ఇన్సులిన్ లెక్క వేయగలవా. పెళ్లిలో వడ్డించేవాళ్లు వద్దన్నా వేసిన పాయసానికి వేయగలవా. ఫ్రెండ్సుతో రాత్రి బండి దగ్గర తింటూ, అందరూ చూస్తుండగా వేయగలవా. ఒకే పని, మూడు మెట్లు. ఎక్కడ మార్కు పడిపోతుందో అక్కడ మాట్లాడితే చాలు.

కాలేజీ_టైప్1
నడకదారి కూడా పెట్టండి! అలిపిరి నుంచి 3550 మెట్లు. మొదటిసారి ఫ్రెండ్సుతో ఎక్కినప్పుడు ఎక్కుతుండగా షుగర్ బాగానే ఉంది, అందరికంటే ముందు నేనే. రాత్రి రూములో పడుకున్నాక 58. చెమటతో దుప్పటి తడిసిపోయింది. అంత కష్టపడ్డాక గంటల తర్వాత కూడా పడిపోతుందని అప్పుడు తెలిసింది. ఇప్పుడు కొండెక్కిన రోజు రాత్రి మోతాదు డాక్టర్ చెప్పినట్టు తగ్గించుకుంటా, పడుకునేముందు చూసుకుంటా. "మెట్లెక్కగలవా" అనే ప్రశ్నకు 10, "ఎక్కిన రాత్రి ఏం చేయాలో తెలుసా" అనేదానికి అప్పట్లో 0.

చిత్తూరు_చిన్నోడు
మెట్ల మార్కులు అంటే ఇప్పుడు అర్థమైంది నాకు.

బైరాగిపట్టెడ_అమ్మ
మీరందరూ చెప్పినాక ఫారం ఫొటో ఒకటి వాడికే ఇచ్చి, నేను చూడను అన్నాను. రెండు రోజులు పట్టించుకోలేదు. ఆదివారం మా తమ్ముడు వచ్చినాడు. మామంటే వాడికి ప్రాణం. ఇద్దరూ మిద్దె పైకి పోయి కూచున్నారు. నేను పోలేదు, ఎంత మనసు లాగినా.

తమ్ముడు కిందికొచ్చి చెప్పినాడు. చాలావాటికి ఇప్పుడు 6, 7 వేసినాడంట. ఒకదానికి 2. "ఆట మధ్యలో షుగర్ డౌన్ అయితే ఆపి గ్లూకోజు తినగలవా" అని మామ సొంతంగా అడిగినదానికి. సాయంత్రం కబడ్డీ ఆడతాడు. ఒకసారి గ్రౌండులో కళ్లు తిరిగి కూచుండిపోతే పిల్లలు "షుగర్ తాతా" అని ఎగతాళి చేసినారంట. అప్పటినుంచి ఆటకు పోయే రోజు సాయంత్రం టిఫినుకు సూది వేసుకోవడం మానేసి, పైగా రెండు బిస్కెట్ ప్యాకెట్లు తిని పోతాండాడు. డౌన్ కాకూడదని. రాత్రికి 280, 300. నేనేమో దొంగతనంగా తీపి తింటాండాడని తిడతాంటి.

ఇప్పుడు ఏం చేయాలా?

కాలేజీ_టైప్1
ఆంటీ, వాడిని కొంచెం కూడా తిట్టకండి. ఆ భయం ఎంతుంటుందో నాకు తెలుసు. నలుగురిలో పడిపోవడం కంటే షుగర్ 300 ఉండడమే నయం అనిపిస్తుంది ఆ వయసులో.

నర్సక్క
అక్కా, ఈ ఒక్క సంగతి డాక్టర్‌కు చెప్పండి, వాడినే చెప్పనివ్వండి ఇంకా మేలు. సూది పూర్తిగా మానేయడం కాదు, ఆట ఉన్న రోజు ఆ పూట మోతాదు ఎంత తగ్గించాలో డాక్టరే లెక్క కట్టిస్తారు. ఇక్కడ నేను అంకె చెప్పను, ఒక్కో ఒంటికి ఒక్కో లెక్క.

ఆటకు ముందు షుగర్ చూసుకోవాలి. జేబులో గ్లూకోజు పొడి పొట్లం. 70కి దిగితే మూడు చెంచాలు, అంటే సుమారు 15 గ్రాములు, పావుగంట ఆగి మళ్లీ చూసుకోవడం, ఎక్కకపోతే మళ్లీ తినడం. లడ్డూ, చాక్లెట్ దీనికి పనికిరావు, నెయ్యి, కొవ్వు ఉంటే చక్కెర నిదానంగా ఎక్కుతుంది. ఆడిన రాత్రి పడుకునేముందు తప్పకుండా చూడాలి. ఆ గ్రౌండులో ఒక్క స్నేహితుడికైనా సంగతి తెలిసుండాలి.

పుత్తూరు_మాస్టారు
ఎగతాళి సంగతి పీఈటీ గారికి చెప్పండమ్మా. పిల్లవాడి పేరు ఎత్తకుండానే షుగర్ డౌన్ అయితే ఏం చేయాలో జట్టు మొత్తానికి చెప్పమనండి. కబడ్డీలో కాలు బెణికితే ఆట ఆపుతారు, ఇదీ అంతే అని పిల్లలకు తెలిస్తే చాలు, వాళ్లు చెడ్డవాళ్లు కాదు.

మదనపల్లి_టమోటా
మంచిదైంది తల్లీ. కానీ కనుక్కునింది మేనమామ, ఫారం కాదు. నా మాట మీద నేనుంటా.

ఎస్వీయూ_సైకాలజీ
మామకు అడగడానికి ప్రశ్నలు దొరికింది ఫారం వల్లనే కదన్నా. మామలు లేని ఇళ్లు కూడా ఉంటాయి.

మదనపల్లి_టమోటా
సరే, సగం ఒప్పుకుంటా. ఫారం ఇచ్చేవాళ్లు మార్కులు కూడి మూలన పడేయకుండా, కూచుని మాట్లాడతామంటేనే ఇవ్వమనండి. లేకపోతే పిల్లలను విసిగించొద్దు.

నర్సక్క
ఆ సగానికి నేను కూడా సంతకం పెడతా.

పలమనేరు_రైతు
అందరూ బాగా చెప్పినారు. మాపాప సంగతి మాత్రం అట్లనే నిలిచిపోయింది. 7.2 ఉండి కూడా ఏమీ రాదంటుందే?

నర్సక్క
అన్నా, మీ ఇంట్లో సూది ఎవరు వేస్తారు? అన్నం ఎవరు కొలుస్తారు?

పలమనేరు_రైతు
వాళ్లమ్మ. అన్నీ ఆమే. పాపను ముట్టుకోనివ్వదు.

నర్సక్క
మరి ఆ 7.2 అమ్మది కదా. పాప నిజమే రాసింది. ఒకేసారి మొత్తం అప్పజెప్పొద్దు, తల్లిదండ్రులు తొందరపడి చేతులు దులుపుకున్న ఇళ్లలో షుగర్ పాడవుతుంది. ఒక్క పని ఇవ్వండి. పొద్దున వేలు గుచ్చి అంకె రాయడం పాప పని. అది నల్లేరు మీద నడక అయ్యాక రాత్రి మోతాదు పాప చెప్పాలి, అమ్మ ఒప్పుకుని వేయాలి. తర్వాత పాపే వేసుకోవాలి, అమ్మ చూడాలి.

ఎస్వీయూ_సైకాలజీ
బండూరా చెప్పిందీ అదే. నమ్మకం అన్నిటికంటే ఎక్కువ పెరిగేది తాను చేసి గెలిచినప్పుడు. ఆ తర్వాతది, తనలాంటి వాళ్లు చేస్తుండగా చూసినప్పుడు. "నీకు వచ్చులేమ్మా" అని మనం ఎంత చెప్పినా దాని తర్వాతే.

కాలేజీ_టైప్1
తనలాంటి వాళ్లంటే నేనున్నా కదా. రైతన్నా, పాపకు నాతో మాట్లాడాలని ఉంటే నాకు ఇక్కడే మెసేజ్ పెట్టించండి. ఎప్పుడైనా సరే.

పలమనేరు_రైతు
పాప ఇక్కడే ఉండాది, చదువుతాండాది. "హాస్టల్లో ఇన్సులిన్ యాడ పెడతారక్కా" అని అడుగుతాండాది.

కాలేజీ_టైప్1
తెరవని పెన్నులు మెస్ ఫ్రిజ్‌లో పెడతానమ్మా, డబ్బా మీద పేరు రాసి. ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకూడదు, గడ్డకడితే పారేయాల్సిందే. వాడే పెన్ను రూములోనే, చిన్న మట్టికుండలో నీళ్ల మీద ప్లాస్టిక్ డబ్బా పెట్టి అందులో. మే నెలలో మన తిరుపతి ఎండకు అది లేకపోతే కుదరదు. మూత తీసిన తారీఖు పెన్ను మీద రాసుకుంటా, నేను వాడేది 28 రోజులు దాటితే మారుస్తా. మీ పెన్ను కాగితంలో ఎన్ని రోజులు ఉందో నువ్వే చదివి నాకు చెప్పు, అమ్మను అడగొద్దు.